లిమిట్ జోలికి పోకుండా డెరివేటివ్ కట్టడం ఎలా?

డెరివేటివ్ (ఒక ప్రమేయం విలువ ఎంత వేగంగా మారుతోందో చెప్పే సంఖ్య) అనగానే ఇంటర్ పిల్లలకు లిమిట్లు, సూత్రాల పట్టికలు గుర్తొచ్చి టెన్షన్ మొదలవుతుంది. కూడికలు, గుణకారాలతోనే ఆ పని చేసిపెట్టే సంఖ్యలున్నాయి. పేరు డ్యూయల్ నంబర్లు. ఇంగ్లండ్ గణితవేత్త క్లిఫర్డ్ 1873లో తెచ్చిన ఆలోచన ఇది.

ముందుగా ‘ఎ’ అనే కొత్త సంఖ్య ఒకటి ఉందనుకోండి. పుస్తకాల్లో గ్రీకు అక్షరం ఎప్సిలాన్ వాడతారు. నియమం ఒక్కటే: ఎ సున్నా కాదు, కానీ ఎ² = 0. అదెలా కుదురుతుందని అనుమానమా? పై వరుసలో 0, 1, కింది వరుసలో 0, 0 ఉన్న మాత్రికను దానితోనే గుణించి చూడండి, అన్నీ సున్నాలే వస్తాయి.

3 + 2ఎ లాంటివే డ్యూయల్ నంబర్లు. ఇప్పుడు వాటి గుణకారం. బడిలో నేర్చుకున్నట్టే విస్తరించి, ఎ² కనిపించిన చోటల్లా కొట్టేయండి.
(3 + 2ఎ)(4 + 5ఎ) = 12 + 15ఎ + 8ఎ + 10ఎ² = 12 + 23ఎ

అసలు పని ఇక్కడుంది. య³ − 2యకి య = 2 దగ్గర డెరివేటివ్ కావాలి. య ఉన్న చోట 2 + ఎ పెట్టండి.
వర్గం: 4 + 4ఎ
ఘనం: (4 + 4ఎ)(2 + ఎ) = 8 + 12ఎ
తీసేయాల్సింది (2య): 4 + 2ఎ
మిగిలింది: 4 + 10ఎ

4 ఆ ప్రమేయం విలువ, ఎ పక్కనున్న 10 డెరివేటివ్. ఒకే లెక్కలో రెండూ వచ్చాయి. ఎ బదులు 0.001 పెట్టి, వచ్చిన విలువకూ 4కూ ఉన్న తేడాను 0.001తో భాగిస్తే 10.006001 వస్తుంది. దగ్గరే గానీ, సరిగ్గా 10 కాదు. మెషిన్ లెర్నింగ్‌లో వాడే ఆటోమేటిక్ డిఫరెన్షియేషన్‌లో (కంప్యూటరే డెరివేటివ్‌లు లెక్కకట్టడం) ఫార్వర్డ్ మోడ్ అనే పద్ధతికి ఆధారం ఈ సంఖ్యలే.

భాగహారంలో మాత్రం జాగ్రత్త. 1ని 2 + ఎతో భాగించాలంటే పైనా కిందా 2 − ఎతో గుణించండి. కింద 4 మిగులుతుంది, జవాబు 1/2 − ఎ/4. కానీ ఉత్త ఎతో భాగించడం కుదరదు. ఎ కి విలోమం ఉంటే ఎ² = 0ని దాంతో గుణించగానే ఎ = 0 అయిపోతుంది, మనం పెట్టుకున్న నియమమే పోతుంది.

రెండో డెరివేటివ్ కూడా కావాలంటే ఎ² ని ఉంచేసి, ఎ³ = 0 అనుకోండి. పై లెక్కలో 4 + 10ఎ + 6ఎ² వస్తుంది. ఆ 6ని రెట్టింపు చేస్తే 12, అదే రెండో డెరివేటివ్.