బూటు కరుస్తోందా? ముందు లేసు విప్పి చూడండి

హనుమకొండ మైదానాల్లో తెల్లవారుజామున కానిస్టేబుల్ పరీక్ష కోసం 1600 మీటర్ల పరుగు సాధన చేసేవాళ్ల కాళ్లు గమనించండి. కొన్న రోజు వేసిన ముడి అలాగే ఉంటుంది, పాదాన్ని మాత్రం అందులోకి కుక్కుతారు. మడమ ఒరుసుకుపోతే తప్పు బూటుదంటారు. నేనూ కొన్నేళ్లు ఆ బాపతే.

మడమ లేస్తూ పొక్కులు వస్తుంటే, చీలమండ దగ్గర పట్టు లేదన్నమాట. దానికి లేసంతా బిగిస్తే పాదం పైభాగం నలుగుతుంది, మడమ మాత్రం ఆడుతూనే ఉంటుంది. చాలా పరుగు బూట్లకు అన్నిటికన్నా పైన, వరసకు కాస్త వెనగ్గా ఒక అదనపు రంధ్రం ఉంటుంది. అది అందానికి పెట్టింది కాదు. మడమను నేలకు తట్టి బూటు వెనక్కి ఆనించండి. లేసు కొసను అదే వైపున్న ఆ రంధ్రంలోకి బయటి నుంచి దూర్చి, పూర్తిగా లాగకుండా చిన్న ఉచ్చు మిగల్చండి. రెండో వైపూ అంతే. ఇప్పుడు కుడి కొసను ఎడమ ఉచ్చులోంచి, ఎడమ కొసను కుడి ఉచ్చులోంచి తీసి, కిందికి లాగి బిగించి ముడి వేయండి. లేసు చాలకపోతే పొడవైనది కొనుక్కోండి, కొత్త బూట్ల కంటే చవక.

పాండవుల గుట్టల వంటి చోట దిగేటప్పుడు బొటనవేలు ముందుకు గుద్దుకుని గోరు నల్లబడుతుంటే, మందు ఇదే. కారణం కూడా ఒకటే, పాదం లోపల జారడం. అయితే నిలబడినప్పుడు కాలివేలి ముందు చేతి బొటనవేలి వెడల్పు ఖాళీ లేకపోతే బూటే చిన్నది. అప్పుడు ఏ అల్లికా పనిచేయదు.

పాదం పైన ఒక్కచోటే నొప్పిగా ఉంటే, సరిగ్గా అక్కడ లేసులు అడ్డంగా దాటి ఎముకను నొక్కుతుండొచ్చు. ఆ ఒక్క మెట్టులో దాటించకుండా ఏ వైపు లేసును ఆ వైపే నిట్టనిలువుగా పై రంధ్రంలోకి తీసుకెళ్లి, తర్వాత మామూలుగా అల్లండి.

వేళ్లు తిమ్మిరెక్కితే కింది రెండు వరసలు వదులు చేయండి. ఎక్కువసేపు నడిస్తే, ముఖ్యంగా ఎండాకాలంలో, పాదాలు ఉబ్బుతాయి. పొద్దున సరిపోయిన బిగువు సాయంత్రానికి ఎక్కువవుతుంది. బూటు విప్పినా తిమ్మిరి పోకపోతే మాత్రం వైద్యుడికి చూపించాలి.

ఇక ముడి ఊడిపోవడం. అడుగు నేలను తాకిన ప్రతిసారీ ముడి సడలుతుందని, ఊగే కొసలు దాన్ని లాగేస్తాయని 2017లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయ పరిశోధకులు తేల్చారు. మీ ముడిని ఒకసారి చూడండి. దాని రెండు చెవులు బూటుకు అడ్డంగా పడుకోకుండా, ఒకటి వేళ్ల వైపు, ఒకటి చీలమండ వైపు తిరిగి ఉంటే అది బలహీనమైన ముడి. మొదటి మెలికను ఇప్పటిదాకా వేసిన దానికి ఎదురుదిశలో వేయండి, మిగతాది అలవాటు ప్రకారమే కట్టండి. వారం పాటు చేతులు మొరాయిస్తాయి.