వర్ధంతికి చిన్న పుస్తకం వేయాలంటే: మా పక్కింటి పెదనాయన కోసం చేసిన పని

పెద్దవాళ్లు పోయాక మొదటి వర్ధంతికి ఒక చిన్న పుస్తకం వేసి పంచాలని చాలా ఇళ్లలో అనుకుంటారు. రాసే పని మాత్రం "నీకు తెలుగు బాగా వచ్చు కదా" అంటూ ఎవరో ఒకరికి అప్పజెప్తారు. కడప ఎర్రముక్కపల్లెలో మా గోడకు ఆనుకుని ఉన్న ఇల్లు పెదనాయనది. చుట్టరికం ఏమీ లేదు. అయినా నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన పెదనాయనే, ఆయన భార్య పెద్దమ్మే. తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో బోటనీ ఎమ్మెస్సీ చేసి, లెక్చరర్‌గా రిటైరైన మనిషి. సెలవు దొరికితే ఇంట్లో ఉండేవాడు కాదు, కొండల్లో ఉండేవాడు. ఆయన పుస్తకం పని నాకు వచ్చింది. అలాంటి పని మీకూ వస్తే పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

డిగ్రీలతో మొదలుపెట్టొద్దు. అవి చివరి పేజీలో రెండు లైన్లలో సరిపోతాయి. మృదుస్వభావి, స్నేహశీలి, అజాతశత్రువు అనే మాటలు ప్రతి ఫ్లెక్సీ మీదా ఉంటాయి, వాటిని మీ కాగితం మీదికి రానివ్వొద్దు. ఆ మాట రాయాలనిపించిన చోట ఆయన ఏం చేశాడో ఒక్క సంగతి రాయండి. నేను చిన్నప్పుడు ఏదో ఆకు తెంపుకొచ్చి ఇదేంటని అడిగితే, "అమ్మీ, ఆకును నా దగ్గరికి తేవద్దు, నన్నే చెట్టు దగ్గరికి తీసకపో" అన్నాడు. చెప్పులేసుకుని నా వెంట వచ్చాడు కూడా. ఆయన ఎలాంటి అయివారో చెప్పడానికి నాకు ఇంకో మాట అక్కర్లేకపోయింది.

ఇంట్లోవాళ్లను అడగడం ఎలాగూ తప్పదు. అయితే చివరి రోజుల ఆసుపత్రి, మందులే వాళ్ల కళ్లముందు తిరుగుతుంటాయి, పాపం. అందుకే బయటివాళ్లతో మొదలుపెట్టండి. ఆయనతో కలిసి నడిచినవాళ్లు, పాత విద్యార్థులు, టీ కొట్టు మనిషి, ఎదురింటివాళ్లు. "ఆయన ఎలాంటివాడు?" అని అడిగితే "చాలా మంచోడు" అంటారు, మాట అక్కడితో ఆగిపోతుంది. "ఆయన సంచీలో ఏముండేవి? దారిలో ఎక్కడ కూర్చునేవాడు? దేనికి కోప్పడేవాడు?" అని అడగండి. అనుమతి తీసుకుని ఫోన్లో రికార్డు చేయండి, వాళ్ల మాటను వాళ్ల యాసలోనే ఉంచండి. సిద్ధవటం వైపు మేకలు కాసే ఒక పెద్దాయన నాతో అన్నది ఇదీ: "ఏ చెట్టు మేక తింటాది, ఏది ముట్టదు అని నన్ను అడిగి రాసుకుంటాండె సారు." ఎమ్మెస్సీ చదివిన మనిషి చదువు నాకు ఆ ఒక్క మాటలో కనబడింది. పుస్తకం మొదటి పేజీలో అదే పెట్టాను.

తేదీల దగ్గర జాగ్రత్త. ఆ తరం వాళ్ల సర్టిఫికెట్లలో పుట్టినరోజు చాలాసార్లు జులై 1 అని ఉంటుంది, అది బడిలో చేర్పించేటప్పుడు అయివారు వేసిన తేదీ. ఇంట్లో పెద్దవాళ్లకు తెలుగు సంవత్సరం పేరు గుర్తుంటుంది, అడగండి. పెదనాయన పుట్టింది సర్వజిత్తు నామ సంవత్సరంలో అని పెద్దమ్మ చెప్పింది. అంటే 1947 ఉగాది నుంచి 1948 ఉగాది మధ్య. ఉద్యోగం తేదీలకు పెన్షన్ కాగితాలు చాలు.

తిరిగిన దారుల తేదీలు మాత్రం ఏ ఆఫీసులోనూ దొరకవు. మా పెదనాయన విషయంలో అవి పాత పేపర్లలో దొరికాయి. కొమ్మలు, ఆకులు ఆరబెట్టడానికి ఆయన వాటిని న్యూస్ పేపర్ల మధ్య పెట్టి పైన బరువుంచేవాడు. బీరువా పైన ఆ కట్టలు అట్లే ఉన్నాయి. ఒక్కో మడత విప్పితే చదునుగా అణిగిన కొమ్మ, పక్కన పెన్సిల్‌తో ఊరి పేరు, పేపర్ పైన తేదీ. ఆకు ఆ తేదీ తర్వాతే కోసి ఉంటాడు, ముందు కాదు. అది గుర్తుపెట్టుకుని "ఆ ఏడాది ప్రాంతంలో" అని రాస్తే తప్పు పోదు. అలా పాలకొండలు, గండికోట, లంకమల ఒక వరుసలోకి వచ్చాయి. మీ పెద్దాయన దగ్గర ఆకులు లేకపోతే బస్సు టికెట్లు, డైరీలు, ఫొటోల వెనక రాతలు చూడండి.

అందరూ గట్టిగా చెప్పే గొప్ప సంగతిని తప్పకుండా సరిచూడండి. 1900 తర్వాత ఎవరికీ కనబడక, ఇక లేదనుకున్న కలివికోడి అనే పిట్ట 1986లో మా కడప జిల్లాలోనే, లంకమల పక్కన రెడ్డిపల్లె దగ్గర మళ్లీ కనిపించింది. పెదనాయన దాన్ని చూశాడని వీధిలో అందరూ అంటారు. ఆయన నోటుబుక్కులో ఉన్నది వేరు: "గార్డుతో కలిసి చీకటి పడేదాకా కూర్చున్నాం. కూత వినబడలేదు. మళ్లీ రావాలి." ఆ తర్వాత పేజీల్లోనూ ఇదే మాట, ఎక్కడా చూసినట్టు లేదు. నేను ఉన్నదున్నట్టే రాశాను. చూశాడని రాస్తే ఆయనకు గౌరవం పెరుగుతుందని కొందరన్నారు. చూడకపోయినా మళ్లీ మళ్లీ పోయిన మనిషే నాకు ఎక్కువ గొప్పగా కనిపించాడు. పెద్దమ్మ కూడా అదే మాట మీద నిలబడింది.

ఫొటోల సంగతి. నల్ల అట్టల ఆల్బమ్‌లో అతికించిన పాత ఫొటోలను పీకొద్దు, చినుగుతాయి. పగటిపూట కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట ఆల్బమ్ పెట్టి, ఫ్లాష్ లేకుండా, ఫోన్ సరిగ్గా పైనుంచి పట్టుకుని తీయండి. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి, మామూలుగా పంపితే క్వాలిటీ తగ్గిపోతుంది.

పేజీలు నాలుగు చొప్పున లెక్క వేసుకోండి, మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి 12, 16, 20 ఇలా కుదరాలి. డీటీపీ షాపుల్లో చాలాచోట్ల "అను" అనే పేరున్న ఫాంట్లు వాడతారు. మీరు ఫోన్లో టైప్ చేసింది అందులోకి మార్చినప్పుడు వత్తులు, గుణింతాలు తారుమారు కావచ్చు. ప్రూఫు కాగితం మీద తీసుకుని, ఇద్దరు కూర్చుని ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు చూడాలి. ఊర్ల పేర్లు, మనుషుల పేర్లు ఇంకోసారి విడిగా చూడండి.

పంచేటప్పుడు చదవడం రానివాళ్లను మరిచిపోవద్దు. వాళ్ల మాటలున్న పేజీని వాళ్లింటికే పోయి చదివి వినిపించండి, తప్పుంటే అక్కడే చెప్తారు. అందుకే ఆ పని అచ్చుకు ముందే చేయాలి. ఇక ఆయన నోటుబుక్కులు, ఆకుల కట్టలు: ఇల్లు సున్నం కొట్టేటప్పుడు ఇవన్నీ పాత పేపర్లంటూ తూకానికి పోతాయి. అంతకుముందే ప్రతి పేజీ ఫొటో తీసి, అసలువి ఏదైనా కాలేజీ బోటనీ డిపార్ట్‌మెంట్ తీసుకుంటుందేమో అడగండి. ఇచ్చేటప్పుడు ఎన్ని కట్టలు, ఎన్ని పుస్తకాలు అని జాబితా రాసి, తీసుకున్నవాళ్ల సంతకం చేయించుకోండి.