తిరుపతి నుంచి లండన్ వెళ్తున్నారా? గదికి డబ్బు కట్టేముందు ఇది చదవండి

సెప్టెంబర్ ఇన్‌టేక్‌కి వెళ్లే పిల్లలు వీసా చేతికి రాగానే తిరుపతిలో కూర్చునే లండన్‌లో ఏడాదికి సరిపడా గది మాట్లాడేసుకుంటున్నారు. ఇంట్లోవాళ్ల టెన్షన్ అలాంటిది మరి, చెన్నైలో విమానం ఎక్కేలోపు "ఎక్కడ దిగుతావు నాయనా" అంటే చెప్పడానికి ఒక అడ్రస్ కావాలి. అడ్రస్ ఇవ్వండి, కాకపోతే మొదటి రెండు వారాలకే ఇవ్వండి. యూనివర్సిటీ హాస్టల్ అయినా సరే, బాగా తెలిసినవాళ్ల ఇల్లయినా సరే. అసలు గది మాత్రం అక్కడ దిగాక, వెళ్లి చూసి, కుళాయి తిప్పి, తలుపు గడియ వేసి చూసుకున్నాకే మాట్లాడుకోండి. ఆ రెండు వారాల ఖర్చు దండగ అని నాన్నలు అంటారు, పట్టించుకోకండి.

మోసమంతా మనం ఇంకా ఇక్కడున్నప్పుడే జరుగుతుంది. వాట్సాప్ గ్రూపులో "డబుల్ రూమ్, ఈస్ట్ హామ్, బిల్స్ కలిపి, తెలుగువాళ్లకే" అని నాలుగు ఫొటోలు పడతాయి. ఫోన్ చేస్తే చక్కటి తెలుగు. "మనోళ్లే కదా తమ్ముడూ, ఇంకో ఇద్దరు అడుగుతున్నారు, రాత్రికల్లా అడ్వాన్స్ వేసెయ్" అంటారు. పుత్తూరులో మా బంధువుల అబ్బాయిని ఇలాగే తొందరపెట్టి, డబ్బు ఇక్కడి యూపీఐ నంబరుకే పంపమన్నారు. వాళ్ల నాన్న బ్యాంకులో చేసి రిటైరైన మనిషి, "లండన్ ఇంటి అద్దె ఇండియా ఖాతాలో ఎందుకు పడాలప్పా?" అని ఒక్కమాట అడిగేసరికి అవతలి ఫోన్ స్విచాఫ్ అయింది.

ఓనర్ ఎవరో తేల్చుకోవడం పెద్ద కష్టం కాదు. మనం స్థలం కొనేముందు ఈసీ తీయించినట్టే, అక్కడ హెచ్ఎం ల్యాండ్ రిజిస్ట్రీ అనే ప్రభుత్వ సంస్థ వెబ్‌సైట్‌లో 7 పౌండ్లు కడితే ఆ ఇల్లు ఎవరి పేరు మీద ఉందో వచ్చేస్తుంది. గది చూపించే అన్న చాలాసార్లు తానే అద్దెకుంటూ ఒక గదిని మనకిస్తుంటాడు. అందులో తప్పులేదు, కానీ అలా ఇవ్వడానికి ఓనర్ రాసిచ్చిన అనుమతి చూపించమనండి. అది లేకపోతే రేపు ఓనర్ వచ్చి ఖాళీ చేయమన్నప్పుడు అన్నతో పాటు మీరూ సూట్‌కేసులతో రోడ్డు మీద ఉంటారు.

అద్దె లెక్క దగ్గర చాలామంది బోల్తా పడతారు. అక్కడ వారానికి ఇంత అని చెప్పే అలవాటు ఉంది. వారానికి 200 అంటే నెలకి 800 అనుకుంటాం, కానీ ఏడాదికి 52 వారాలు కాబట్టి నెలకి సుమారు 867 పౌండ్లు పడుతుంది. "బిల్స్ కలిపి" అన్నారంటే కరెంటు, గ్యాస్, నీళ్లు, ఇంటర్నెట్, కౌన్సిల్ ట్యాక్స్ (మన మున్సిపాలిటీ ఇంటిపన్ను లాంటిది) వీటిలో ఏవేవి కలిపారో ఒక్కొక్కటీ అడగండి. ఇంట్లో అందరూ ఫుల్‌టైమ్ విద్యార్థులే అయితే కౌన్సిల్ ట్యాక్స్ ఉండదు, యూనివర్సిటీ ఇచ్చే ఉత్తరం చూపిస్తే చాలు. ఉద్యోగం చేసే మనిషి ఒకరున్నా ఇంటికి బిల్లు వస్తుంది, దాన్ని అందరి మీదా పంచుతారేమో ముందే తేల్చుకోండి.

ఇక అడ్వాన్స్. ఇంగ్లండ్ చట్టం ఈ విషయంలో మనకంటే చాలా నయం. గది అట్టిపెట్టడానికి ఒక వారం అద్దె, డిపాజిట్‌గా 5 వారాల అద్దె, మామూలు ఇళ్లకి ఇంతకు మించి అడగకూడదు, 2019 నుంచి ఏజెంట్ మన దగ్గర విడిగా ఫీజు పట్టడానికీ లేదు. ఆ డిపాజిట్‌ని ఓనర్ 30 రోజుల్లోపు ప్రభుత్వం ఆమోదించిన మూడు డిపాజిట్ రక్షణ స్కీముల్లో ఒకదాంట్లో పెట్టి మనకి కాగితం ఇవ్వాలి. ఓనర్ ఉండే ఇంట్లోనే ఒక గది తీసుకుంటే మాత్రం ఈ స్కీము రక్షణ లేదు. విదేశీ విద్యార్థి అనగానే ఆరు నెలల అద్దె ముందే కట్టించుకునే అలవాటొకటి ఉండేది, 2026 మే 1 నుంచి ప్రైవేటు అద్దె ఇళ్లకి ఒక నెల కంటే ఎక్కువ ముందుగా అడగడానికి వీల్లేదు. విద్యార్థుల కోసమే కట్టిన పెద్ద హాస్టళ్ల సంగతి వేరు.

ఏరియా ఎంచుకునేముందు ఆఫర్ లెటర్‌లో క్యాంపస్ అడ్రస్ చూడండి, ఎందుకంటే లండన్‌కి వెళ్తున్నానని చెప్పుకుని తీరా చూస్తే క్లాసులు ఊరి బయట ఉండేవాళ్లు బోలెడుమంది. మనవాళ్లు ఎక్కువగా ఈస్ట్ హామ్, ఇల్‌ఫోర్డ్, హౌన్స్‌లో వైపు చేరతారు. ఈస్ట్ హామ్‌లో తమిళవాళ్ల దుకాణాలు, దోసె హోటళ్లు, మహాలక్ష్మి గుడి ఉన్నాయి, చిత్తూరు, నగరి వైపు పిల్లలకి తమిళం ఎలాగూ వచ్చు కాబట్టి ఇంగ్లిష్ తడబడినా సామాన్లు తెచ్చుకోగలరు. అద్దె తక్కువని మరీ దూరం వెళ్తే మిగిలిందంతా ట్రైన్ టికెట్లకే పోతుంది, రెండూ కలిపి లెక్కేయండి.

గది పగలు చూశాక చీకటి పడ్డాక ఇంకోసారి స్టేషన్ నుంచి ఇంటిదాకా నడవండి, ముఖ్యంగా ఆడపిల్లలు, తోడు తీసుకుని. పోలీస్ డాట్ యూకే సైట్‌లో పోస్ట్‌కోడ్ కొడితే ఆ వీధిలో నమోదైన నేరాలు కనిపిస్తాయి. లోపల మీ గదికి విడిగా తాళం ఉందా, ప్రతి అంతస్తులో పొగ అలారం ఉందా, ఈ ఏడాది గ్యాస్ సేఫ్టీ సర్టిఫికెట్ ఉందా అడగండి. బంధువులు కాని ఐదుగురో అంతకంటే ఎక్కువో కలిసి వంటిల్లు, బాత్రూమ్ పంచుకుంటూ ఉంటే ఆ ఇంటికి కౌన్సిల్ లైసెన్స్ ఉండాలి. లైసెన్స్ ఉన్న ఇంట్లో ఒక్కరు పడుకునే గది కనీసం 70 చదరపు అడుగులు, ఇద్దరికైతే 110 ఉండాలి, కాబట్టి ఆ సైజు గదిలో నాలుగు పరుపులు కనిపిస్తే అక్కడినుంచే వెనక్కి తిరగండి. మన ఎండల్లో పెరిగినవాళ్లకి తట్టని విషయం ఇంకోటి, చెమ్మ. బీరువా వెనక గోడ చూడండి, కిటికీ మూలల్లో నల్లటి బూజు ఉందేమో చూడండి, ఒక్క గోడకే కొత్త పెయింట్ వేసుంటే అడగండి. అమ్మ మాత్రం ఫోన్‌లో అటాచ్డ్ బాత్రూమ్ ఉందా అనే అడుగుతుంది, ఆ బడ్జెట్‌లో దాదాపు ఉండదని ముందే చెప్పేయండి.

సంతకం పెట్టేముందు ఇల్లిచ్చేవాళ్లు వీసా చూస్తారు, ప్రభుత్వ సైట్‌లో షేర్ కోడ్ (మీ వీసా వివరాలు ఆన్‌లైన్‌లో చూసుకోనిచ్చే కోడ్) తీసి ఇస్తే సరిపోతుంది, పాస్‌పోర్ట్ ఎవరి దగ్గరా ఉంచకండి. నలుగురూ కలిసి ఒకే అగ్రిమెంట్ మీద సంతకం పెడితే ఒకడు అద్దె ఎగ్గొట్టినా మిగతా ముగ్గురి మీద పడుతుంది, కాబట్టి వీలైతే మీ గదికి మీ పేరుతో విడిగా రాయించుకోండి. తాళాలు తీసుకున్న రోజే, సూట్‌కేసు విప్పకముందే, గోడలు, పరుపు, కార్పెట్ మరకలు, మీటర్ రీడింగు అన్నీ వీడియో తీసి ఏజెంట్‌కి ఈమెయిల్‌లో పంపేయండి. వాట్సాప్‌లో పెడితే ఏడాది తర్వాత డిపాజిట్ అడిగేటప్పటికి మీ ఫోన్ మారిపోయి ఉంటుంది.