కూరగాయల భోజనంతో వైన్ కుదరనప్పుడు: సమస్య - పరిష్కారం

పళ్లెంలో మాంసం ఉంటే వైన్ ఎంపికలో చేసిన తప్పులు చాలావరకు వాటంతట అవే సర్దుకుంటాయి. మాంసంలోని కొవ్వు, ప్రోటీన్, పైన చల్లిన ఉప్పు కలిసి వైన్‌లోని మొరటుతనాన్ని మెత్తబరుస్తాయి. చాలా కూరగాయల్లో ఆ కొవ్వు లేదు, అంత ప్రోటీనూ లేదు. పైగా వాటి పులుపు, చేదు, పసరు వాసన నేరుగా వైన్‌తో తలపడతాయి. అందుకే కూరగాయలకు వైన్ కుదరదని చాలామంది తేల్చేస్తారు. నేను ఆ మాట ఒప్పుకోను. కుదరని చోట కారణం దాదాపు ఎప్పుడూ దొరుకుతుంది. చాలాసార్లు సీసా మార్చనక్కర్లేదు, కూరను కాస్త సరిచేస్తే చాలు.

ముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోండి

ఏమీ తినకముందు వైన్ ఒక గుక్క తాగండి. తర్వాత కూర ఒక ముద్ద తిని, ఇంకో గుక్క తాగండి. మొదటి గుక్కే బాగోలేదంటే కూరను తప్పుపట్టకండి. తడిసిన అట్టపెట్టె వాసన, బూజు వాసన వస్తే అది కార్క్ వల్ల వచ్చిన దోషం. దానికి మందు లేదు, వేరే సీసా తెరవాల్సిందే. వాసన బాగానే ఉండి ఆల్కహాల్ మాత్రమే ముక్కుకి గుచ్చుతుంటే వైన్ వెచ్చబడిందన్నమాట. బరువైన రెడ్‌కి 16 నుంచి 18 డిగ్రీలు, తేలికపాటి రెడ్‌కి 12 నుంచి 14, వైట్‌కి 8 నుంచి 12 సరిపోతాయి. వెచ్చబడిన రెడ్‌ని పావుగంట ఫ్రిజ్‌లో పెట్టి చూడండి, సమస్య అక్కడితో తీరిపోవచ్చు.

మొదటి గుక్క బాగుండి, రెండోది మారిపోతేనే కింద చెప్పేవి మీకు పనికొస్తాయి.

నోరంతా వగరు పట్టింది, రెడ్ వైన్ చేదెక్కింది

అందరికీ ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. ద్రాక్ష తొక్కల నుంచి, గింజల నుంచి, ఒక్కోసారి ఓక్ పీపాల నుంచి వైన్‌లోకి టానిన్‌లు దిగుతాయి. అవి లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుంటాయి. దాంతో నోట్లోని జారుడుతనం పోయి, పచ్చి జామకాయ కొరికినట్టు నాలుక బిగుసుకుంటుంది. పళ్లెంలో చీజో, వెన్నో, మాంసమో ఉంటే టానిన్‌లు ముందు వాటిని అంటుకుంటాయి, మన నోటిని కొంత వదిలేస్తాయి. ఉడికించిన కూరగాయలు మాత్రమే ఉన్నప్పుడు టానిన్‌లకు వేరే దారి లేదు.

దీన్ని ఇంకా పెంచేవి రెండున్నాయి. ఒకటి చేదు: నిప్పుల మీద కాల్చిన వంకాయ, మాడిన అంచులు, చేదు ఆకుకూరలు. రెండోది ఉమామి, అంటే నోరు నిండే కమ్మటి రుచి. 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకెడా పేరు పెట్టిన ఈ రుచి పుట్టగొడుగుల్లో, సోయా సాస్‌లో, పండిన టమాటాలో, పాతబడిన చీజ్‌లో బాగా ఉంటుంది. పుట్టగొడుగులకు రెడ్ వైన్ బ్రహ్మాండంగా కుదురుతుందని అందరూ చెబుతారు. నిజమే, కానీ అది వెన్న, ఉప్పు సరిగ్గా పడినప్పటి మాట. ఉప్పు తక్కువైన పుట్టగొడుగుల పక్కన కాబెర్నే సోవిన్యోఁ లాంటి గట్టి రెడ్ పోస్తే మంచి వైన్ కూడా చేదుగా, బోలుగా తోస్తుంది. ఎండు పుట్టగొడుగులైతే ఇంకా ఎక్కువ.

సరిదిద్దడానికి ముందు కూర దగ్గరికే వెళ్లండి. చిటికెడు ఉప్పు, నాలుగు చుక్కల నిమ్మరసం వేసి కలిపి, మళ్లీ ఒక ముద్ద, ఒక గుక్క. ఉప్పు చేదుని అణుస్తుంది. కూరలో పులుపు పెరిగితే వైన్ మెత్తగా అనిపిస్తుంది. నా వంటింట్లో పదిసార్లలో ఏడెనిమిదిసార్లు ఇంతకు మించి అవసరం పడలేదు. అయినా తగ్గకపోతే ఒక చెంచా వెన్న, లేదా కాస్త చీజ్ తురుము వేయండి. ఉడికించిన శనగలు, చిక్కుడు గింజల వంటివి కూర్చినా కొంత ప్రోటీన్ దొరుకుతుంది.

అదీ పనిచేయకపోతేనే సీసా మార్చండి. టానిన్ తక్కువగా ఉండే గామే, పీనో న్వార్, బార్బెరా కూరగాయల పక్కన నిలబడే రెడ్‌లు. వారంలో నాలుగు రోజులు కూరగాయలు వండుకునేవాళ్ల ఇంట్లో బరువైన రెడ్ కంటే ఇవే ఉండాలని నా అభిప్రాయం.

కారం రెట్టింపైంది, గొంతు మండుతోంది

మిరపకాయలోని క్యాప్సైసిన్ నోట్లో వేడిని పసిగట్టే గ్రాహకాన్నే మేల్కొలుపుతుంది. ఆ గ్రాహకం మామూలుగా 42 డిగ్రీల దగ్గర స్పందిస్తుంది. ఆల్కహాల్ ఆ హద్దుని కిందికి దించుతుంది, అంటే మన ఒంటి వేడి కూడా దానికి మంటలా తోస్తుంది. కారం, ఆల్కహాల్ రెండూ ఒకే తలుపు తడుతున్నాయన్నమాట. 14.5 శాతం ఉన్న రెడ్ వైన్ కారపు కూర మీద పోస్తే మంట పెరగక ఏమవుతుంది? టానిన్ కూడా కలిస్తే నోరు మరీ గరుకెక్కుతుంది.

ఆల్కహాల్ తక్కువ, కాస్త తీపి, బాగా చల్లన, ఈ మూడూ ఉన్న వైన్ చూసుకోండి. వైట్‌లలో కొద్దిగా తీపి మిగిల్చిన రీస్లింగ్, షెనిన్ బ్లాంక్ ఇందుకు పేరుపడ్డవి. లేబుల్ మీద తీపి సంగతి రాయకపోయినా ఒక ఆనవాలుంది. రీస్లింగ్ సీసా మీద ఆల్కహాల్ 8, 9 శాతం అని ఉంటే ద్రాక్షలోని చక్కెర అంతా పులియకుండా కొంత మిగిలి ఉంటుంది. తీపి అసలు ఇష్టం లేనివాళ్లు ఆల్కహాల్ 12 శాతం లోపు ఉన్న గులాబీ రంగు వైన్‌ని (రోజే) చల్లగా తాగవచ్చు. బుడగల వైన్ గురించి మాత్రం జాగ్రత్త. బుడగలు కారాన్ని ఇంకా గుచ్చేలా చేస్తాయని కొందరికి అనిపిస్తుంది, ముందు కొంచెమే పోసుకుని చూడండి.

వైన్ చప్పబడింది, నీళ్లలా ఉంది

కూర పులుపు వైన్ పులుపుని మించిపోయింది. టమాటా సాస్, వెనిగర్ పోసిన సలాడ్, నిమ్మకాయ బాగా పిండిన కూరలతో ఇది జరుగుతుంది. వైన్ పులుపు కూర పులుపుకి సమానంగానైనా, కొంచెం ఎక్కువగానైనా ఉండాలి. టమాటాకి సాంజోవేజే, బార్బెరా వంటి పుల్లటి రెడ్‌లు, సలాడ్‌కి సోవిన్యోఁ బ్లాంక్ అనే వైట్ పెట్టండి. సలాడ్‌లో వెనిగర్ తగ్గించి కొంత నిమ్మరసం, ఎక్కువ నూనె వేస్తే పని ఇంకా సులువవుతుంది. వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం పాడైన వైన్‌లో కూడా ఉండేదే, అందుకే ఆ వాసన పక్కనుంటే మంచి వైన్ మీద కూడా అనుమానం వస్తుంది.

వైన్ పుల్లగా, పండు రుచి పోయి ఎండిపోయినట్టుంది

ఇది పై సమస్యకి తిరగేసిన రూపం. కూర తీపిగా ఉంది. క్యారట్, చిలగడదుంప, గుమ్మడి, మొక్కజొన్న, నెమ్మదిగా వేగి ఎర్రబడిన ఉల్లిపాయ, వీటిలో ఉన్న తీపి మనం అనుకునేదానికంటే ఎక్కువ. తీపి లేని వైన్ వీటి పక్కన పుల్లబడుతుంది. కూరలో ఉప్పు, నిమ్మ పెంచండి, లేదా కొద్దిగా తీపి ఉన్న వైన్ తీసుకోండి. బుడగల వైన్ కొంటుంటే ఒక తేడా గుర్తుంచుకోండి: బ్రూట్ అంటే లీటరుకి 12 గ్రాముల కంటే తక్కువ చక్కెర, డెమి సెక్ అంటే 32 నుంచి 50 గ్రాములు.

పసరు, లోహపు రుచి, లేదా వింత తీపి

ఇక్కడ మూడు కూరగాయల్ని విడివిడిగా చూడాలి.

ఆర్టిచోక్ (పొరలు పొరలుగా ఉండే ఒక పూమొగ్గ కూరగాయ) అన్నిటికంటే చిత్రమైనది. దాన్ని తిన్నాక చాలామందికి మంచినీళ్లు కూడా తియ్యగా అనిపిస్తాయి. రుచి మీద పరిశోధన చేసే లిండా బార్టోషుక్ బృందం 1972లోనే దీన్ని ప్రచురించింది. అందులోని సైనరిన్ వంటి పదార్థాలు నాలుక మీద తీపి గ్రాహకాలతో ఆడుకుంటాయి. ఆ తర్వాత తాగిన వైన్ కూడా తియ్యబడి బరువెక్కుతుంది. బాగా పుల్లటి, ఏమాత్రం తీపి లేని వైట్, లేదా ఫీనో షెర్రీ (తీపి లేని ఒక స్పెయిన్ వైన్) పెట్టండి. ఆర్టిచోక్ మీద నిమ్మరసం ధారాళంగా పిండండి.

ఆస్పరాగస్ అనే లేత కాడల కూరగాయలో గంధక సమ్మేళనాలుంటాయి. ఓక్‌లో పెంచిన వైన్‌నీ, టానిన్ ఉన్న రెడ్‌నీ అవి పాడుచేస్తాయి. నీళ్లలో ఉడికించడం మాని పెనం మీద కాల్చితే సగం సమస్య తగ్గుతుంది. తోడుగా సోవిన్యోఁ బ్లాంక్, గ్రూనర్ వెల్ట్‌లీనర్ వంటి వైట్‌లు బాగుంటాయి. సోవిన్యోఁ బ్లాంక్‌లోని పచ్చి వాసనకి కారణమైన పైరజీన్‌లే క్యాప్సికంలోనూ ఉన్నాయి, కాబట్టి క్యాప్సికం వండిన రోజు కూడా అదే సీసా పనికొస్తుంది.

పాలకూర తిన్నాక పళ్ల మీద సుద్ద పూసినట్టుంటే అది ఆక్సాలిక్ ఆమ్లం పని. దాని మీద టానిన్ పడితే నోరు మరీ గరుకవుతుంది. ఆకుని నీళ్లలో ఉడికించి గట్టిగా పిండి, క్రీమో చీజో కలపండి. వాటిలోని కాల్షియం ఆక్సాలిక్ ఆమ్లాన్ని కొంత పట్టేస్తుంది.

పళ్లెంలో నాలుగు రకాలున్నాయి, దేనికి కుదర్చాలి?

రోజువారీ భోజనంలో నిజమైన టెన్షన్ ఇదే. కూరగాయ పేరు చూడకండి, దాన్ని వండిన తీరు చూడండి. బంగాళాదుంప వేపుడైతే నూనెని కడిగేసే బుడగల వైన్ కావాలి. అదే దుంప టమాటా పులుసులో ఉంటే పుల్లటి రెడ్ కావాలి. నాలుగింట్లో ఏది గట్టిగా మాట్లాడుతోందో, అంటే బాగా కారం, బాగా పులుపు, బాగా తీపి ఏదో, దానికే కుదర్చండి. మిగిలినవి వెనక నడుస్తాయి. అదీ తేలకపోతే తీపి లేని గులాబీ రంగు వైన్ (రోజే) తెరవండి. టానిన్ తక్కువ, పులుపు తగినంత, ఆల్కహాల్ మధ్యస్థం కాబట్టి అది అరుదుగా గొడవపడుతుంది.

నిన్న కుదిరింది, ఈరోజు అదే కూరతో కుదరలేదు

తెరిచిన సీసాలోకి గాలి చేరి పండు వాసన వాడిపోయింది, పులుపూ వగరూ మాత్రం అలాగే ఉన్నాయి. మిగిలిన వైన్ రెడ్ అయినా వైట్ అయినా బిగించి ఫ్రిజ్‌లోనే పెట్టాలి. చాలా వైన్‌లు అలా మూడు రోజులు నిలుస్తాయి. రెడ్‌ని తాగే అరగంట ముందు బయటికి తీయండి. పండు వాసన పూర్తిగా పోయిన వైన్‌ని గ్లాసులో పోయకుండా పుట్టగొడుగుల కూరలో అరకప్పు వేసి, సగానికి ఇగిరేదాకా మరిగించండి.