ఇనుపరాయి కొలిమికి చెక్క గాలిపెట్టె ఎలా చేసుకోవాలి?

బొగ్గు, ఇనుపరాయి వరసలుగా పోసి కాల్చే మట్టి కొలిమిలో ఇనుము నీళ్లలా కరగదు. 1200 డిగ్రీల సెల్సియస్ దగ్గర చిట్టెం (రాయిలోని మలినాలు) కరిగి కిందికి జారుతుంది, ఇనుము గుల్లగుల్లగా ముద్ద కడుతుంది. ఆ వేడి గంటల తరబడి నిలవాలంటే గాలి తెగకూడదు. మన కమ్మరులు అందుకే రెండు తోలుతిత్తులు పెట్టి ఒకదాని తర్వాత ఒకటి నొక్కేవారు. తిత్తి కుట్టడం కొత్తవాళ్లకు కుదిరే పని కాదు. చైనాలో శతాబ్దాలుగా వాడిన చెక్కపెట్టె నయం: పిడి తోసినా, లాగినా గాలి కొడుతుంది.

ముందు లెక్క. కొలిమి లోపలి వైశాల్యంలో చదరపు సెంటీమీటరుకు నిమిషానికి 1.2 నుంచి 1.5 లీటర్ల గాలి కావాలి. వ్యాసం 25 సెం.మీ. అయితే సుమారు 600 నుంచి 730 లీటర్లు. పెట్టె లోపల 30 సెం.మీ. వెడల్పు, అంతే ఎత్తు, 60 సెం.మీ. పొడవు ఉంచి, పిస్టన్ (పిడితో పాటు లోపల అటూ ఇటూ జరిగే పలక) 45 సెం.మీ. కదిలేలా చేస్తే ఒక్కో ఊపుకు, అంటే ఒకసారి తోసినా లాగినా, 40 లీటర్లు. సందుల్లో పోయింది పోగా 30 మిగిలినా నిమిషానికి 20 నుంచి 24 ఊపులు చాలు. ఇద్దరు వంతులేసుకోవాల్సిందే.

12 మి.మీ. ప్లైవుడ్‌తో పెట్టె బిగించండి. పైమూతకు మేకులు వద్దు, స్క్రూలే. మళ్లీ విప్పక తప్పదు. పిస్టన్‌కు రెండు చదరపు చెక్కలు, గోడల కన్నా చుట్టూ 3 మి.మీ. తక్కువగా కోసి, మధ్యలో పాత గొంగడి ముక్క పెట్టి బిగించండి. అంచు బయటికి వచ్చి గోడలను ఒరుసుకోవాలి. చైనావాళ్లు ఇక్కడ కోడి ఈకలు కట్టేవారు. మరీ బిగుతైతే చేతులు పడిపోతాయి, అందుకని గోడలకు కాస్త మైనం రుద్దండి.

అసలు పనితనం రెక్కల్లో ఉంది. రెండు చివరి పలకలకూ 8 సెం.మీ. చదరపు కంత కోసి, లోపలివైపు పైఅంచున తోలురెక్క వేలాడదీయండి. పిస్టన్ దూరం జరిగితే అది తెరుచుకుని గాలి లోపలికి వస్తుంది, దగ్గరికి వస్తే మూసుకుంటుంది. రెక్క మరీ పైకి లేవకుండా చిన్న దారం కట్టాలి.

పక్కగోడకు బయట, పెట్టె పొడవునా సన్నటి చెక్క కాలువ బిగించండి. పెట్టెలోంచి దానిలోకి రెండు చివర్లా ఒక్కో కంత, కాలువ నడుమ బయటికి ఒక ఇనుప పైపు. ఆ పైపు మొదట్లో అటూ ఇటూ ఊగే ఒక పలక ఉండాలి. ఒకవైపు నుంచి గాలి రాగానే అది రెండోవైపు దారి మూసేస్తుంది. ఇది సరిగా కూర్చోకపోతే గాలి పెట్టెలోనే తిరుగుతుంది.

పైపు నోటికి అరచెయ్యి అడ్డంపెట్టి పిడి తోయండి, లాగండి. రెండుసార్లూ ఒకేలా గాలి తగలాలి. అతుకుల దగ్గర అగరబత్తి పెడితే ఎక్కడ పోతోందో పొగే చెబుతుంది.

ఇనుప పైపును నేరుగా నిప్పులోకి పెట్టకండి. కాల్చిన మట్టిగొట్టం గోడలోంచి కొంచెం కిందికి వాలేలా అమర్చి, పైపు అందులోకి ఊదాలి. ఇదంతా ఆరుబయటే, ఎందుకంటే కొలిమి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు. ఊదడం ఆపిన వెంటనే పైపు పక్కకు లాగేయండి, ఆ వాయువు పెట్టెలో చేరితే తర్వాతి ఊపుకు అంటుకోవచ్చు.