నోయ్‌బర్ మీద ఏకపాత్ర ఎలా కట్టాలి

పది నిమిషాల ఏకపాత్రని పుట్టుక నుంచి మొదలుపెట్టకండి, జనం లేచిపోతారు. నేరుగా 1737, లైప్‌జిగ్‌కి వెళ్లండి: జర్మన్ నాటకాల్లో ఎక్కడపడితే అక్కడ దూరి బూతు జోకులేసే హాన్స్‌వుర్స్ట్ అనే కోణంగిని 18వ శతాబ్దపు జర్మన్ నటి కరోలినా నోయ్‌బర్ స్టేజీ మీదే వెళ్లగొట్టిన ఘట్టం. చేతిలో కోణంగి రంగుల చొక్కా ఒకటి ఉంటే చాలు, రెండో నటుడు అక్కర్లేదు.

1727లో భర్తతో కలిసి సొంత ట్రూపు పెట్టి ఊరూరా తిప్పుతూ, డైలాగులు కంఠతా రావాల్సిందేనని, రిహార్సల్స్ ఎగ్గొట్టొద్దని పట్టుబట్టిన మనిషి కాబట్టి గొంతులో కరుకుదనం ఉండాలి, ఏడుపు కాదు. జర్మన్ నాటకాన్ని సంస్కరించాలనుకున్న రచయిత, విమర్శకుడు గోట్షెడ్‌తో స్నేహం, గొడవ ఒక్క వాక్యంలో తేల్చేయండి. తర్వాత గొప్ప జర్మన్ నాటక రచయిత అయిన కుర్ర లెస్సింగ్ తొలి నాటకం 1748లో ఆడించింది ఆవిడే, అది మాత్రం వదలొద్దు (నాకైతే అదే అసలు క్లైమాక్స్). టైమ్ మిగిలితే 1740 నాటి రష్యా ప్రయాణం కలపండి.