రాక్ ఆల్బమ్ రికార్డింగ్: మైకుల కన్నా ముందు కొలత టేపు తీయండి

రాక్ ఆల్బమ్ పని మొదలవగానే ఏ మైకులు తేవాలన్న చర్చే గంటల తరబడి నడుస్తుంది. వాటిని ఎంత దూరంలో పెట్టాలన్నది మాత్రం ఎవరూ పట్టించుకోరు. సెషన్లు ఎక్కువగా చెడేది అక్కడే. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు వెళుతుంది, అంటే 34 సెంటీమీటర్లకు 1 మిల్లీసెకను. స్నేర్ డ్రమ్ మీద పడిన ఒక్క దెబ్బ ఎనిమిది మైకులకు ఎనిమిది వేర్వేరు క్షణాల్లో చేరుతుంది. ఆ తేడాలు కుదిరితే డ్రమ్స్ నిండుగా మోగుతాయి. కుదరకపోతే, ఏ ట్రాక్‌కు ఆ ట్రాక్ విడిగా బాగున్నా, అన్నీ కలిపి వింటే రేకు డబ్బా వాయించినట్టుంటుంది. మిక్సింగ్‌లో సరిచేద్దాంలే అనుకుంటే కుదరని పని ఇది.

ముందు సెషన్ సంగతి. 24 బిట్, శాంపిల్ రేట్ 48 కిలోహెర్ట్జ్ చాలు. 96 పెడితే ఫైళ్లు రెట్టింపవుతాయి, కంప్యూటర్ మీద భారం పెరుగుతుంది, వినికిడిలో తేడా దాదాపు ఉండదు. లెవెల్ సగటున మైనస్ 18 డీబీఎఫ్ఎస్ (డిజిటల్ గరిష్ఠాన్ని సున్నాగా పెట్టుకున్న డెసిబెల్ కొలత) దగ్గర, గట్టి దెబ్బలు మైనస్ 10 దగ్గర ఉండేలా గెయిన్, అంటే సిగ్నల్‌ను పెంచే మోతాదు, పెట్టండి. 24 బిట్‌లో నాయిస్ అట్టడుగున ఉంటుంది కాబట్టి ఎరుపు గీత దాకా నెట్టాల్సిన పని లేదు. పైగా సౌండ్ చెక్‌లో మర్యాదగా కొట్టిన డ్రమ్మర్, అసలు టేక్‌లో పల్లవి రాగానే చేతులు బారగా చాచి బాదుతాడు. అందుకని చెక్‌లో వచ్చిన లెవెల్ కన్నా 5, 6 డీబీ తగ్గించి ఉంచండి. బఫర్‌ను (కంప్యూటర్ ఒక్కో విడతలో పోగుచేసుకునే ఆడియోను) రికార్డింగ్ సమయంలో 64 లేదా 128 శాంపిల్స్‌కు తగ్గించాలి. అంతకు మించితే హెడ్‌ఫోన్స్‌లో తమ వాయిద్యం ఆలస్యంగా వినిపించి, వాయించేవాళ్లు తెలియకుండానే వెనకబడతారు.

క్లిక్‌కు, అంటే హెడ్‌ఫోన్స్‌లో తాళం చూపే టిక్కుటిక్కు శబ్దానికి వాయించేటట్లయితే, పాట మొత్తానికి ఒకే టెంపో (వేగం) పెట్టకండి. బ్యాండ్లు సహజంగానే పల్లవిలో కాస్త ముందుకు దూకుతాయి. అక్కడ 1 లేదా 2 బీపీఎం (నిమిషానికి బీట్లు) పెంచి, చరణానికి మళ్లీ తగ్గించి టెంపో మ్యాప్ రాసుకోండి. దాని మీద ఒక గిటార్, గొంతు కలిపి స్క్రాచ్ ట్రాక్ (దారి చూపే తాత్కాలిక ట్రాక్) తీస్తే, డ్రమ్మర్ బార్లు లెక్కపెట్టుకోకుండా పాటను వింటూ వాయిస్తాడు.

డ్రమ్స్

పాత తోళ్ల మీద ఏ మైకూ మంచి శబ్దం పుట్టించలేదు. అన్నిటికీ పై తోలు కొత్తది వేయండి. స్నేర్‌కు అదనంగా ఒకటి రెండు దగ్గర ఉంచుకోండి, రోజంతా బాదితే మధ్యలో పూత లేచిపోయి శబ్దం మొద్దుబారుతుంది. ప్రతి లగ్ (తోలును బిగించే మర) దగ్గరా అంచుకు 3 సెంటీమీటర్లు లోపలికి వేలితో తట్టి, అన్నిచోట్లా ఒకే స్వరం పలికేదాకా కీ తిప్పండి. సింబల్స్‌ను స్టేజి మీద కన్నా ఎత్తులో పెట్టమనండి. డ్రమ్మర్ మొదట విసుక్కుంటాడు, కానీ టామ్ డ్రమ్స్ మైకుల్లోకి క్రాష్ సింబల్ మోత చొరబడటం తగ్గేది అలాగే.

ఎనిమిది ఇన్‌పుట్‌లే ఉంటే వాటిని ఇలా పంచుకోవచ్చు: కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) 1, స్నేర్ పైన 1, కింద 1, టామ్స్ 2, ఓవర్‌హెడ్స్ (కిట్ మొత్తాన్ని పైనుంచి పట్టే మైకులు) 2, గది 1. ముందు ఓవర్‌హెడ్స్ పెట్టండి. డ్రమ్స్ శబ్దంలో సగానికి పైగా అక్కడి నుంచే రావాలి, మిగతావి దానికి తోడు. స్నేర్ నడిబొడ్డున దారం ఒక కొస పట్టుకుని, రెండో కొసను మొదటి మైక్ దాకా లాగి అక్కడ ముడి వేయండి. అదే దారాన్ని రెండో మైక్ వైపు తిప్పితే ముడి సరిగ్గా ఆ మైక్ ముఖానికి తగలాలి. మీటరు, మీటరున్నర మధ్య ఎంతైనా ఫర్వాలేదు, రెండూ సమానంగా ఉండాలి. తేడా 17 సెంటీమీటర్లు వచ్చిందంటే అర మిల్లీసెకను తేడా వచ్చినట్టే. రెండిటినీ మోనోలో (ఒకే ఛానెల్‌గా) కలిపితే స్నేర్‌లో 1000 హెర్ట్జ్, 3000, 5000 దగ్గర శబ్దం ఒకదాన్నొకటి తినేస్తుంది. స్నేర్ కరుకుదనం అంతా ఉండేది ఆ ప్రాంతంలోనే.

రికార్డింగ్ ఇంజినీర్ గ్లిన్ జాన్స్ పేరుతో ఉన్న పద్ధతిలోనూ సూత్రం ఇదే. ఒక మైక్ స్నేర్‌కు నేరుగా పైన, సుమారు మీటరు ఎత్తున ఉంటుంది. రెండోది ఫ్లోర్ టామ్ పక్కన, దాని అంచు కన్నా కొంచెం ఎత్తులో, హై-హ్యాట్ (పెడల్‌తో కలిసి విడిపోయే జంట సింబల్స్) వైపు చూస్తూ ఉంటుంది. స్నేర్ నుంచి రెండిటికీ దూరం ఒకటే. కిక్‌కు ఒకటి, స్నేర్‌కు ఒకటి చేరిస్తే నాలుగు మైకులతో పని అయిపోతుంది. డ్రమ్మర్ చేతివాటం బాగుంటే ఇంతకన్నా మంచి పద్ధతి లేదు. హై-హ్యాట్‌ను చితకబాదే డ్రమ్మర్‌కు మాత్రం ఇది పనికిరాదు.

స్నేర్ పైన షూర్ ఎస్ఎం57 పెట్టి, అంచుకు 3 సెంటీమీటర్ల ఎత్తు నుంచి తోలు మధ్యకు గురిపెట్టండి. మైక్ వీపు హై-హ్యాట్ వైపు ఉండాలి, ఆ మైక్ అతి తక్కువగా వినేది వెనకవైపే. కింది మైక్‌కు పోలారిటీ తిప్పాలి, అంటే తరంగాన్ని తలకిందులు చేయాలి, అదే సున్నాకు అడ్డగీత గీసిన బటన్. దెబ్బ పడగానే తోలు పై మైక్‌కు దూరంగా, కింది మైక్‌కు దగ్గరగా కదులుతుంది కదా, తిప్పకపోతే రెండూ కొట్టుకుపోతాయి. కిక్‌లో మైక్‌ను బీటర్‌కు (తోలును కొట్టే పెడల్ సుత్తికి) 8, 10 సెంటీమీటర్ల దూరం దాకా లోపలికి తోస్తే టిక్కుమనే దెబ్బ ఎక్కువ, రంధ్రం దగ్గరికి లాగితే గుమ్మనే అడుగు ఎక్కువ. సరిగ్గా రంధ్రం మధ్యలో మాత్రం పెట్టకండి, అక్కడ గాలి తన్ని మైక్ బుస్సుమంటుంది.

ఇప్పుడు అసలు పరీక్ష. మానిటర్‌ను మోనోకు మార్చండి. ఓవర్‌హెడ్స్ వింటూ స్నేర్ పై మైక్ కలపండి, దాని పోలారిటీ బటన్ నొక్కి వదలండి. ఏ స్థితిలో స్నేర్ లావుగా వినిపిస్తే అలాగే వదిలేయండి. తర్వాత కిక్, ఆపైన టామ్స్, అన్నీ ఒక్కొక్కటిగా ఇలాగే చూడండి. రెండు స్థితుల్లోనూ పలచగా ఉంటే బటన్‌తో పని కాదు, మైక్‌ను 3, 4 సెంటీమీటర్లు జరపాలి. ఈ పావుగంట ఎగ్గొట్టి, మిక్సింగ్‌లో రోజుల తరబడి ఈక్వలైజర్ తిప్పేవాళ్లు కోకొల్లలు.

గది మైక్ కిట్‌కు 3, 4 మీటర్ల దూరంలో ఉంటే దెబ్బ 10 మిల్లీసెకన్ల తర్వాత చేరి శబ్దానికి పెద్దరికం తెస్తుంది. గది చిన్నదైతే తలుపు తీసి, వరండాలోనో మెట్ల దగ్గరో పెట్టి చూడండి. లెడ్ జెప్లిన్ నాలుగో ఆల్బమ్‌కు ఇంజినీర్ ఆండీ జాన్స్ హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనం హాల్లో డ్రమ్స్ పెట్టించి, మెట్ల పైనుంచి రెండు బేయర్‌డైనమిక్ ఎం160 మైకులు వేలాడదీశాడు. ఆ భారీ డ్రమ్స్ శబ్దం చాలావరకు ఆ మెట్ల పుణ్యమే. ఇంటి కప్పు తక్కువ ఎత్తుంటే ఓవర్‌హెడ్స్‌కు పైన 10 సెంటీమీటర్ల మందం రాక్‌వూల్ పలకలు కట్టండి. లేకపోతే కప్పుకు తగిలి తిరిగొచ్చే సింబల్ మోత మైక్‌లో కలిసి గరగరమంటుంది.

ఎడిటింగ్‌లో ఒక జాగ్రత్త. డ్రమ్ ట్రాక్‌లన్నిటినీ గ్రూపు చేసి, కోస్తే అన్నీ కలిపే కోయండి. స్నేర్ ఒక్కదాన్నే గ్రిడ్‌కు (తెర మీది తాళం గీతలకు) జరిపితే ఇంతసేపూ దారంతో కొలిచిందంతా వృథా.

బేస్

కొత్త తీగలు వేసి, డీఐ (మైక్ లేకుండా వాయిద్యం నుంచి నేరుగా తీసే సిగ్నల్) ఒక ట్రాక్‌గా, యాంప్ మైక్ ఇంకో ట్రాక్‌గా తీసుకోండి. మైక్ స్పీకర్‌కు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే అది డీఐ కన్నా దాదాపు ఒక మిల్లీసెకను, అంటే 40 పైచిలుకు శాంపిల్స్, ఆలస్యంగా వస్తుంది. తరంగాన్ని పెద్దది చేసి చూసి మైక్ ట్రాక్ డీఐతో కలిసేలా అంత మేర ముందుగా మొదలయ్యేట్టు జరపండి. బేస్‌లో అడుగు లేదని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మందు ఇదే.

గిటార్లు

ప్రతి టేక్‌కూ ముందు శ్రుతి చూసుకోవాలి, బ్యాండంతా ఒకే ట్యూనర్ వాడాలి. పవర్ కార్డ్స్ (రెండు మూడు తీగల సరళ కార్డ్స్) బాగుండి, మెడ పైభాగంలో వాయించినప్పుడు మాత్రం అపశ్రుతి పలికితే తప్పు ఇంటనేషన్‌ది, అంటే మెడ పొడుగునా శ్రుతి కుదరడానిది. 12వ ఫ్రెట్ దగ్గర హార్మోనిక్‌నూ, అక్కడే నొక్కి మీటిన స్వరాన్నీ పోల్చండి. నొక్కిన స్వరం పెరిగితే బ్రిడ్జ్ మీద శాడిల్‌ను వెనక్కి, తగ్గితే ముందుకు జరపాలి.

గెయిన్ స్టేజి మీద పెట్టుకునే దానికన్నా తగ్గించమనండి. ఈ మాటకు ఏ గిటారిస్టూ వెంటనే ఒప్పుకోడు. డిస్టార్షన్ పెరిగేకొద్దీ మీటు మొద్దుబారుతుంది. అలాంటి ట్రాకులు నాలుగు పేర్చితే గోడలా ఉండదు, రొదలా ఉంటుంది. ఒక్కో ట్రాక్ కాస్త పలచగా అనిపిస్తేనే నాలుగూ కలిసినప్పుడు బరువు వస్తుంది.

ఎస్ఎం57ను స్పీకర్ గుడ్డకు 2 సెంటీమీటర్ల దూరంలో, నడుమనున్న గుండ్రటి మూత అంచుకు ఎదురుగా పెట్టి మొదలెట్టండి. మధ్యకు జరిపితే పదునెక్కి చెవిలో గుచ్చుతుంది, అంచు వైపు జరిపితే మసకబారుతుంది. ఒక్క సెంటీమీటరుకే తేడా తెలుస్తుంది. కాబట్టి ఒకరు వాయిస్తుండగా ఇంకొకరు మైక్ జరుపుతుంటే, మానిటర్ల ముందున్నవాళ్లు వినాలి. రాయర్ ఆర్121 లాంటి రిబ్బన్ మైక్ జోడిస్తే నడుమ నిండుదనం వస్తుంది, అయితే రెండు మైకుల క్యాప్సూళ్లూ స్పీకర్‌కు సమాన దూరంలో ఉండాలి. రిబ్బన్ పెట్టిన ఛానెల్‌లో ఫాంటమ్ పవర్ (కేబుల్ ద్వారా మైక్‌కు వెళ్లే కరెంటు) ఆపేయండి. కేబుల్ లోపముంటే లోపలి రేకు దెబ్బతింటుంది.

యాంప్ హెడ్‌ను కంట్రోల్ రూమ్‌లో ఉంచి క్యాబినెట్‌ను వేరే గదిలో పెట్టడం మంచిదే. రెండిటి మధ్య మాత్రం స్పీకర్ కేబులే వాడాలి, గిటార్ కేబుల్ పనికిరాదు. స్పీకర్ తగిలించకుండా ట్యూబ్ యాంప్ నడిపితే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు.

రిథమ్ భాగాన్ని రెండుసార్లు వాయించి ఒకటి పూర్తిగా ఎడమకు, ఒకటి పూర్తిగా కుడికి పెట్టండి. ఒకే టేక్‌ను కాపీ చేసి రెండు పక్కలా పెడితే అది నట్టనడిమి శబ్దమే, కాస్త బిగ్గరగా ఉంటుందంతే. రెండు టేకుల మధ్య ఉండే చిన్నచిన్న తేడాల వల్లే వెడల్పు వస్తుంది. ప్రతి టేక్‌తోపాటు డీఐ కూడా తీసి ఉంచుకోండి. టోన్ నచ్చకపోతే రీయాంప్ బాక్స్ ద్వారా మళ్లీ యాంప్‌లోకి పంపవచ్చు, గిటారిస్టును పిలిచి మళ్లీ వాయించమనక్కర్లేదు.

గొంతు

గొంతుకు వాడే కండెన్సర్ మైక్ సాధారణంగా ముందువైపే ఎక్కువ వింటుంది కాబట్టి, పాడేవాళ్ల వెనకున్న గోడ ముఖ్యం. మందపాటి దుప్పట్లు అక్కడ కట్టండి. పాప్ ఫిల్టర్ మైక్‌కు 8 సెంటీమీటర్ల దూరంలో, నోరు దానికి ఇంకో 10 సెంటీమీటర్ల అవతల ఉంటే సరి. దగ్గరికొస్తే గొంతు బరువెక్కుతుంది. చరణంలో ముందుకు, పల్లవిలో వెనక్కి ఊగే గాయకుడి టేకులు అతికిస్తే రెండు వేర్వేరు గొంతుల్లా వినిపిస్తాయి. గది బాగాలేకపోతే షూర్ ఎస్ఎం7బీ మైక్ మేలు, కానీ దానికి ప్రీయాంప్ (మైక్ సిగ్నల్‌ను పెంచే పరికరం) నుంచి కనీసం 60 డీబీ గెయిన్ కావాలి. రికార్డింగ్‌లోనే కంప్రెషర్ (పెద్ద శబ్దాలను అణచే పరికరం) పెడితే 4:1 నిష్పత్తిలో 3 నుంచి 5 డీబీ తగ్గింపు చాలు.

హెడ్‌ఫోన్‌ను ఒక చెవి మీంచి జార్చుకునే అలవాటుంటే, ఆ కప్పు శబ్దాన్ని ఆపేయండి. లేకపోతే నెమ్మది చరణంలో క్లిక్ టిక్కుటిక్కుమంటూ గొంతు మైక్‌లో దూరుతుంది, దాన్ని తీసేయడం మహా కష్టం. నాలుగైదు పూర్తి టేకులు తీసి మంచి ముక్కలు ఏరుకోండి. అతుకు ఊపిరికి ముందు పడాలి, ఊపిరి మధ్యలో కాదు. అరుపులుండే పాటలు రోజు చివరికి నెట్టండి, అవి పాడాక ఆ రోజుకు మెత్తని గొంతు తిరిగి రాదు.

మిక్సింగ్‌కు పంపేటప్పుడు ప్రతి ట్రాక్‌నూ పాట మొదటి బార్ నుంచి ఒకే నిడివి ఫైలుగా తీసి, డీఐలు, టెంపో మ్యాప్, శాంపిల్ రేట్ రాసిన చిన్న నోట్ జతచేయండి. ఆ ఫోల్డర్ రెండు వేర్వేరు డ్రైవుల్లోకి చేరి, రెండిట్లోనూ తెరుచుకుంటోందని చూసుకున్నాకే మైకులు విప్పండి.